కాసు బ్రహ్మానందరెడ్డి

కృష్ణానది దక్షిణపు గట్టున నున్న పల్నాటిసీమ చిరకాలము మెట్టపంటల నేల. ఎదుటనే నది పారుచున్నను ఆ నీరు చేలకు ఎక్కెడిది కాదు. రైతు ఆకాశమువంక చూచి విత్తనము చల్లవలసినదే. 2022 వరకు గుంటూరు జిల్లాలో చేరియుండిన ఈ సీమకు వాకిలివంటిది నరసరావుపేట. ఆ ప్రాంతమున ఒక వ్యవసాయ కుటుంబములో 1909 జూలై 28వ తేదీన కాసు బ్రహ్మానందరెడ్డిగారు జన్మించిరి.

న్యాయశాస్త్రము చదివి ఆయన న్యాయవాదియైరి. స్వాతంత్ర్యోద్యమములో పాల్గొని చెరసాలకు వెళ్ళిరి. 1946లో మద్రాసు శాసనసభలో సభ్యులైరి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్యగార్ల మంత్రివర్గములలో పనిచేసి, 1964 ఫిబ్రవరి 29న ముఖ్యమంత్రి పదవిని స్వీకరించిరి. ఏడున్నర సంవత్సరములు ఆ పదవి ఆయనదే. పాలనలో తెలుగునకు స్థానము కల్పించిన 1966 నాటి అధికార భాషా చట్టము ఆయన కాలముననే వచ్చినది. 1969లో తెలంగాణోద్యమము చెలరేగి, కాల్పులలో పలువురు యువకులు ప్రాణములు కోల్పోయినదియు ఆయన కాలముననే. ఈ రెండవ సంగతిని దాచి ఆయన చరిత్ర చెప్పుట తగదు.

పల్నాటివారు మరువని దినము 1967 ఆగస్టు 4. మాచర్లకు సమీపమున 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరు కాలువలకు ఆనాడు ప్రధానమంత్రి ఇందిరాగాంధీ నీరు విడిచిరి. అప్పటి ముఖ్యమంత్రి పల్నాటి బిడ్డయే. కుడికాలువ నీరు మెట్టచేలలో ప్రవహించుట అక్కడి వృద్ధులకు కలవలె తోచియుండును.

1971 సెప్టెంబరులో ఆయన పదవిని వీడిరి. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రియైరి. అనంతరము ఆరవ ఆర్థిక సంఘమునకు అధ్యక్షులై, 1974లో కేంద్రమంత్రియై, అదే సంవత్సరమున హోంశాఖను చేపట్టిరి. 1975 జూన్ 25 రాత్రి దేశమున అత్యవసర పరిస్థితి విధింపబడినది. ఆ నిర్ణయమునకు ముందు హోంమంత్రిని ఎవరును సంప్రదింపలేదు. రాత్రి పొద్దుపోయిన పిదప పిలిపించి సంగతి తెలిపిరని తరువాత షా విచారణ సంఘము వెల్లడించినది. శాఖ ఆయనది, నిర్ణయము ఇతరులది. అయినను ఆయన కాదనలేదు, రాజీనామాయు ఈయలేదు. కనుక ఆ కాలమున జరిగిన నిర్బంధములలో ఆయనకు బాధ్యత లేదనుటకు వీలులేదు.

1977 మార్చి ఎన్నికలలో కాంగ్రెసు దేశమంతట కూలినది. ఉత్తరప్రదేశమున 85 స్థానములు, బీహారున 54 స్థానములు ఉండగా ఒక్కటియైనను దక్కలేదు. ఇందిరాగాంధీ సైతము ఓడిపోయిరి. ఆంధ్రప్రదేశమున మాత్రము 42 స్థానములలో 41 కాంగ్రెసునకే వచ్చినవి. మిగిలిన నంద్యాలలో జనతాపక్షమున గెలిచినవారు సంజీవరెడ్డిగారు. నరసరావుపేటనుండి లోక్‌సభకు వెళ్ళినవారు బ్రహ్మానందరెడ్డిగారు.

అరువదియేడేండ్ల వయసున ఆయన స్పీకరునకు ఎడమవైపున నుండు ప్రతిపక్షపు బల్లలపై కూర్చుండిరి. పదమూడేండ్లలో అధిక భాగము ఏదో యొక అధికారమున నుండి సమాధానములు చెప్పిన మనిషి ఇక ప్రశ్నలు వేయవలసివచ్చెను. మే నెలలో ఆయన కాంగ్రెసు అధ్యక్షులుగ ఎన్నికైరి. సిద్ధార్థశంకర్ రే పోటీచేసి ఓడిరి. ఆ పోటీలో ఇందిరాగాంధీ మద్దతు బ్రహ్మానందరెడ్డిగారికే లభించినది.

స్నేహము ఎంతో కాలము నిలువలేదు. అత్యవసర కాలపు చేష్టల భారమును పార్టీ మోయవలెనా, దించుకొనవలెనా యను తగవు పెరిగినది. ఇందిరాగాంధీయే అధ్యక్షులు కావలెనని ఆమె అనుచరులు పట్టుపట్టిరి. 1978 జనవరి ఆరంభమున వారు ఢిల్లీలో సమావేశమై ఆమెను అధ్యక్షురాలిగ ఎన్నుకొనిరి. వెంటనే బ్రహ్మానందరెడ్డిగారి అధ్యక్షతనున్న కార్యవర్గము ఆమెను పార్టీనుండి బహిష్కరించినది. అత్యవసర పరిస్థితి నాటి రాత్రి కాదనలేకపోయిన వ్యక్తి, ఇప్పుడు ఆమెతో తెగదెంపులు చేసికొనెను. పూర్వము ఒకే రాజ్యము గురజాల, మాచర్ల అను రెండు కొలువులుగా చీలిన కథ పల్నాటి పిల్లవాడు ఎరుగనిది కాదు. కాంగ్రెసును అట్లే చీలినది. ఆయన వర్గమును జనులు రెడ్డి కాంగ్రెసు అనిరి. ఆవు-దూడ గుర్తు ఆ వర్గమునకు మిగిలినది. ఇందిరాగాంధీ వర్గము హస్తము గుర్తుతో బరిలో దిగినది.

తీర్పు త్వరలోనే వచ్చినది. 1978 ఫిబ్రవరి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలలో మొత్తము 294 స్థానములకు గాను ఇందిరా కాంగ్రెసు 175, జనతా 60 గెలువగా, రెడ్డి కాంగ్రెసునకు 30 మాత్రమే దక్కినవి. జలగం వెంగళరావుగారి ప్రభుత్వము పోయినది. 1969లో బ్రహ్మానందరెడ్డిగారి పాలనపై తెలంగాణోద్యమమును నడపిన మర్రి చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. కాలము ఇట్టి లెక్కలు కూడ తీర్చును. బ్రహ్మానందరెడ్డిగారు పార్టీ అధ్యక్షపదవిని వదలిరి; స్వరణ్‌సింగు ఆ స్థానమునకు వచ్చిరి. లోక్‌సభలో ప్రతిపక్ష నాయకత్వము వై.బి. చవాన్ చేతినుండి ఇందిరా పక్షమునకు చెందిన సి.ఎం. స్టీఫెన్‌కు మారినది. బ్రహ్మానందరెడ్డిగారు ఇప్పుడు పాలకపక్షమునకే గాక ప్రధాన ప్రతిపక్షమునకును దూరమైన సభ్యులు.

1979లో చరణ్‌సింగు మంత్రివర్గమున కొలది మాసములు పరిశ్రమల మంత్రిగ పనిచేసిరి. ఆ ప్రభుత్వము లోక్‌సభలో బలము నిరూపింపకయే రాజీనామా చేసినది. 1980 జనవరిలో మరల ఎన్నికలు వచ్చినవి. నరసరావుపేటలో బ్రహ్మానందరెడ్డిగారు మరల నిలబడి గెలిచిరి. కాని ఈ పర్యాయము ఆయన నిలబడినది తాము రెండేండ్ల క్రిందట బహిష్కరించిన ఇందిరాగాంధీ పక్షమున. దానిని కొందరు లొంగుబాటనిరి. ఓటువేసినవారు మాత్రము ఆయనను తమ ఊరి మనిషిగనే చూచిరి.

1988 నుండి 1990 వరకు ఆయన మహారాష్ట్ర గవర్నరుగ ఉండిరి. 1994 మే 20న కన్నుమూసిరి. హైదరాబాదు నడిబొడ్డున నున్న ఒక అడవికి, నెమళ్ళు తిరుగాడు జాతీయ వనమునకు, ఆయన పేరు పెట్టిరి.