సురవరం ప్రతాపరెడ్డి: కల్లు ముంతకూ చరిత్రలో చోటిచ్చిన గద్వాల బిడ్డ

ఫ్రాన్స్‌లోని బోర్డో రెడ్ వైన్ సీసా మీద ద్రాక్ష కోసిన ఏడాది రాసి ఉంటుంది. కార్క్ ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టి, చల్లటి నేలమాళిగలో ఏళ్ల తరబడి దాస్తారు. మంచి వైన్ 20, 30 ఏళ్లు కూడా నిలుస్తుంది. వగరు తగ్గి, ఎరుపు కాస్తా ఇటుక రంగుకు తిరుగుతుంది. ఒక్కో సీసా ఒక్కో ఏడాదికి సాక్ష్యం.

మరి మన కల్లు? పొద్దున చెట్టు నుంచి దించితే సాయంత్రానికే పులుపెక్కుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో తరతరాలుగా తాగినా దానికి సీసా లేదు, లేబుల్ లేదు. అది మిగిలింది పాత కావ్యాల్లోనే. ఆ జాడలు వెతికి పట్టుకున్నది సురవరం.

నడిగడ్డ నుంచి హైదరాబాద్‌కు

1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. రెండూ ఇప్పటి జోగుళాంబ గద్వాల జిల్లాలోనివే. మద్రాసులో బీఏ చదివారు, లా కూడా పూర్తిచేశారు. నిజాం పాలనలో ఉర్దూదే పైచేయిగా ఉన్న రోజుల్లో, 1926లో హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబిచ్చారు.

రాజులు కాదు, జనం

1949లో వచ్చింది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అందులో యుద్ధాల కంటే జనం బతుకే ఎక్కువ. ఏం తిన్నారు, ఏం తాగారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నదే లెక్క. శాసనాలు చెప్పని ఈ సంగతుల కోసం ఆయన క్రీడాభిరామం, హంసవింశతి లాంటి కావ్యాలను జల్లెడ పట్టారు. కవి సరదాకు రాసిన పూటకూళ్లింటి భోజనం కూడా ఆయన చేతిలో చరిత్రకు ఆధారమైంది.

చూడని అవార్డు

1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. మరుసటి ఏడాదే, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో తెలుగుకు దక్కిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఈ పుస్తకానికే. అందుకోవడానికి ఆయన లేరు. హైదరాబాద్‌లోని తెలుగు యూనివర్సిటీకి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. పూట దాటితే పాడయ్యే కల్లు సంగతి మాత్రం ఆయన పుస్తకంలో ఇప్పటికీ నిల్వ ఉంది.