చేపలకు మన పేర్లే రాసుకున్న డాక్టర్ రస్సెల్

మన ఏర్పేడు చేలల్లో రక్తపింజర అంటే తెలియనివారు ఉండరు. దాని శాస్త్రీయ నామం డబోయా రస్సెలీ. ఆ రస్సెల్ ఎవరో మాత్రం చాలామందికి తెలియదు. ఆయన పాముల పుస్తకంతో పేరుపడ్డారు గాని, మన సముద్రపు చేపల మీద చేసిన పని అంతకంటే గొప్పదని నా అభిప్రాయం. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో పులికాట్ తీరం కూడా కలిసింది కాబట్టి, సముద్రం సంగతి ఇప్పుడు మనదే.

ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టి అక్కడే వైద్యం చదివారు. సిరియాలోని అలెప్పోలో చాలా ఏళ్లు వైద్యులుగా ఉన్నారు. 1760లలో అక్కడ ప్లేగు వ్యాపిస్తే ఊరు విడిచి పోలేదు. తమ్ముడు క్లాడ్‌కు ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో ఉద్యోగం ఇవ్వగా, ఆయనకు తోడుగా 1781లో బయలుదేరారు. అప్పటికే యాభై దాటిన వయసు. 1785లో కంపెనీ ఆయనను తన ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది.

పాముకాటుతో జనం చనిపోతుంటే, ఏది విషసర్పమో ఏది కాదో తేల్చాలని పూనుకున్నారు. ఇందుకు కుక్కలను, కోళ్లను పాములతో కరిపించి చూశారు. ఈ రోజు చదివితే మనసుకు కష్టంగానే ఉంటుంది. 1796లో వచ్చిన పుస్తకంలో రక్తపింజరను కాటుకరేకుల పొడ అనే తెలుగు పేరుతోనే రాశారు. కట్లపాముల జాతికి ఉన్న బంగారస్ అనే పేరు కూడా ఆయన రాసుకున్న బంగారు పాము నుంచి వచ్చిందే.

చేపల విషయంలోనూ అదే పద్ధతి. ఒడ్డుకు వచ్చిన చేపను బొమ్మ గీయించి, కొలతలు రాసి, దానికి జాలర్లు చెప్పే పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టారు. నల్ల చందువ, తెల్ల చందువ అలాగే అచ్చయ్యాయి. విశాఖలో సేకరించిన రెండు వందల చేపల గ్రంథం 1803లో లండన్‌లో రెండు భాగాలుగా వెలువడింది. ఫ్రాన్సు శాస్త్రవేత్త క్యువియే 1816లో ఆ పుస్తకం చూసే ఒక చేపకు కనగుర్త అని పేరు పెట్టారు. రాస్ట్రెల్లిగర్ కనగుర్త అని ప్రపంచమంతా నేటికీ అదే వాడుతున్నారు. చేపల పేర్లు నిలిచాయి. వాటిని చెప్పిన జాలర్ల పేర్లే చరిత్రలో నిలవలేదు.

రస్సెల్ 1789లో మన దేశం విడిచి వెళ్లి, 1805 జూలై 2న లండన్‌లో మరణించారు. ఏ చేప తగ్గిపోయిందో చెప్పాలంటే ఒకప్పుడు ఏవి దొరికేవో తెలియాలి. విశాఖ తీరానికి అంత పాత లెక్క ఆయన వల్లనే ఉంది. తడ, సూళ్లూరుపేట, వాకాడు వైపు తమ్ముళ్లు ఎవరైనా ఉంటే, ఈ సెలవుల్లో మీ ఇళ్లలో చేపలకు వాడే పేర్లు, ఏవి ఇప్పుడు వలకు పడటం లేదో పెద్దవాళ్లను అడిగి రాసి తీసుకురండి. చెప్పినవారి పేరు కూడా రాయండి. వచ్చే సంచికలో వేద్దాం.