ఏనుగుల వీరాస్వామయ్య

ఏనుగుల వీరాస్వామయ్య (సుమారు 1780 - 1836 అక్టోబరు 3) కాశీయాత్ర చరిత్ర గ్రంథకర్త. చెన్నపట్నంలోని సుప్రీంకోర్టులో దుభాషిగా పనిచేశాడు. 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీల మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. భారతదేశంలో ప్రయాణికుల రైలు నడవడానికి ఇంకా 22 సంవత్సరాలకు పైగా వ్యవధి ఉన్న కాలమది. ఆ ప్రయాణంలో ఆయన వ్రాసిన దినచర్య తెలుగులో తొలి యాత్రాచరిత్రగా ప్రసిద్ధి పొందింది.

బాల్యం, ఉద్యోగం

వీరాస్వామయ్య చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగు నియోగి కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదవ ఏటనే తండ్రి మరణించాడు. చిన్నతనంలోనే ఇంగ్లీషు నేర్చి, కుంఫిణీ కొలువులో చేరి, స్వశక్తితో పైకివచ్చాడు. క్రమంగా సుప్రీంకోర్టులో దుభాషి పదవి పొందాడు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు భాషలు ధారాళంగా తెలిసినవారికే ఆ కాలంలో ఇటువంటి ఉద్యోగాలు దక్కేవి. న్యాయమూర్తికీ, కక్షిదారుకూ నడుమ నిలిచి ఒకరి మాటను మరొకరికి ఉన్నదున్నట్లు చెప్పడమే దుభాషి పని. ఆయన రచనలో కనబడే నిదానం, వివరాల పట్ల శ్రద్ధ ఈ వృత్తి వలన అబ్బినవే కావచ్చు.

కాశీయాత్ర

యాత్ర ప్రారంభించేనాటికి వీరాస్వామయ్య వయస్సు ఏబది సంవత్సరాలు. కుటుంబ స్త్రీలు, బంధువులు, పరిచారకులు, బోయీలు కలిసి సుమారు నూరుమంది ఆయన వెంట నడిచారు. ఆయన పల్లకీలో ప్రయాణించాడు. రాత్రి మజిలీలకు డేరాలు వెంట ఉన్నాయి.

ఇంత పెద్ద పరివారం ఆడంబరం కోసమే అనుకోవడం పొరపాటు. ఆనాడు దూరప్రయాణం ఒంటరిగా చేయడం ప్రాణాపాయం. నాగపూరు, జబల్పూరు ప్రాంతాల బాటలలో థగ్గులు బాటసారులతో స్నేహం కలిపి, రాత్రి మజిలీలో రుమాలుతో ఉరిబిగించి చంపేవారు. స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి వారిని అణచే పని ముమ్మరం చేసినది సరిగా 1830 ప్రాంతంలోనే. వీరాస్వామయ్య ఆ బాటననే ఉత్తరానికి సాగాడు. పదిమంది తోడు లేనివారు ఏదో ఒక బిడారును అంటిపెట్టుకొని నడవవలసిందే.

అయితే మంది పెరిగేకొద్దీ బరువూ, బాధ్యతా పెరుగుతాయి. నూరుమందికి ప్రతి సాయంకాలం నీరు, బియ్యం, వంటచెరకు, తలదాచుకొనే చోటు దొరకాలి. అందువలననే ఆయన ప్రతి మజిలీలోనూ ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్ళు ఉన్నాయా, బావిలో మంచినీళ్ళు ఉన్నాయా, దిగడానికి చావడి గాని, ఇళ్ళు గాని దొరుకుతాయా అన్నది తప్పక గుర్తించాడు. వెనుక వచ్చే యాత్రికులకు ఈ వివరాలు ఎంతో ఉపయోగపడేవి. డేరా కొనగలిగే స్తోమత లేని సామాన్య యాత్రికునికి చావడి ఉన్న ఊరేదో ముందుగా తెలియడం చిన్న విషయం కాదు.

డేరాలు, మజిలీలు

ఆ కాలపు డేరాలు దళసరి నూలుగుడ్డతో కుట్టినవి. కర్ర గుంజలు, మేకులు, తాళ్ళు, చుట్టూ కనాతులు కలిస్తే ఒక్కొక్క డేరా ఎద్దులకో, ఒంటెలకో తగిన బరువు. వానకు తడిస్తే గుడ్డ నీరు పీల్చుకొని మరింత బరువెక్కుతుంది. తడిసిన తాళ్ళు బిగిసి మేకులను పెళ్ళగిస్తాయి గనుక రాత్రివేళ లేచి వాటిని వదులు చేయాలి. తడిగుడ్డను అలాగే మడిచి మోయిస్తే నాలుగు రోజులలో బూజుపడుతుంది. ఎండేవరకు ఆగితే ప్రయాణం ఆగుతుంది. అందుచేత చావడి, సత్రం, గుడి మండపం దొరికిన ఊళ్ళలో అక్కడ దిగడమే మేలు. డేరా ఏమీ దొరకని చోటికి ఆధారం.

నేడు నైలాన్ గుడ్డకు సిలికాన్ పూత పూసి చేసే ఒంటరి డేరా సుమారు ఒక కిలో బరువుతో యాత్రికుని వీపుసంచిలో ఇముడుతుంది. చేతికర్రలనే గుంజలుగా నిలిపే రకాలు ఇంకా తేలిక. ఒకే పొర గల డేరాలో లోపలి ఊపిరి తేమ గుడ్డకు పట్టి చుక్కలుగా కారుతుంది. రెండు పొరలుంటే ఆ బాధ తగ్గి, బరువు పెరుగుతుంది. బరువుకూ సుఖానికీ నడుమ ఈ బేరం వీరాస్వామయ్య కాలంనాటిదే. ఆనాడు ఆ బరువును మోసినవి ఇతరుల భుజాలూ, పశువులూ. పల్లకీ మోసిన బోయీలు, కావళ్ళు మోసినవారు నడవనిదే ఆ యాత్ర లేదు.

ఇందూరు సీమలో

హైదరాబాదు నుండి నాగపూరు పోయే బాట నేటి కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల గుండా సాగుతుంది. వీరాస్వామయ్య పరివారం 1830 వానాకాలంలో కామారెడ్డి, ఆర్మూరు, బాల్కొండల మీదుగా ఈ బాటన నడిచి, గోదావరి దాటి నిర్మల్ చేరింది. తరువాతి కాలంలో ఇంచుమించు ఇదే మార్గం 7వ నెంబరు జాతీయ రహదారి అయింది. ఇప్పుడు దాని సంఖ్య 44. అప్పట్లో ఇందూరు అని పిలువబడిన నిజామాబాదు పట్టణం ఈ బాటకు పడమరగా ఉండిపోతుంది. బోధన్ మరింత పడమర.

ఈనాడు ఆ ప్రాంతం పేరు చెబితే చెరకు, వరి గుర్తుకు వస్తాయి. నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1930వ దశకం చివరలో వెలసి, 2015 డిసెంబరులో మూతపడింది. వీరాస్వామయ్య నడిచిన నాటికి ఇవేవీ లేవు. చెరువుల కింది పొలాలు, అడవులు, వానకు కాలు దిగబడే నల్లరేగడి ఉన్నాయి. గోదావరిపై వంతెన లేదు. వానాకాలంలో నది దాటడమంటే నూరుమందినీ, సామానునూ పడవలలో విడతలుగా చేరవేయడమే. నిజాం రాజ్యపు బాటలలో జాగీరుదారులు వసూలు చేసే సుంకాలు మరొక బాధ. అంతకు ముందు శ్రీశైలంలో యాత్రికుల నుండి కందనూరు నవాబు రాబట్టే పన్నులను కూడా ఆయన గమనించాడు. భక్తితో పోతున్నా, పాలన తీరును కోర్టు ఉద్యోగి కన్నుతోనే చూశాడు.

తిరుగు ప్రయాణం

వీరాస్వామయ్య కలకత్తా చూసి, పూరీ మీదుగా తీరాంధ్రలో అడుగుపెట్టి దక్షిణానికి వచ్చాడు. ఆయన ఇల్లు చేరిన మరుసటి సంవత్సరమే నందన నామ సంవత్సర కరువు మొదలై గుంటూరు సీమను ఊడ్చివేసింది. లెక్కలేనంతమంది మరణించారు, ఊళ్ళు వదలి వలసపోయారు. ఆ విపత్తుకు కొద్దిగా ముందు తీరాంధ్ర ఎలా ఉండేదో తెలిపే తెలుగు రచనలలో కాశీయాత్ర చరిత్ర ముఖ్యమైనది. చరిత్రకారులకు దీని విలువ ఇక్కడ ఎక్కువ.

గ్రంథ ముద్రణ

వీరాస్వామయ్య తన దినచర్యను మార్గమధ్యం నుండి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు జాబులుగా పంపుతూ వచ్చాడు. గ్రాంథికమే గౌరవమనుకొనే ఆ రోజులలో, మాట్లాడే తెలుగుకు దగ్గరగా, ఉర్దూ, ఇంగ్లీషు, తమిళ పదాలను సంకోచం లేకుండా వాడి వ్రాశాడు. మిత్రునికి వ్రాసినది కావడం వలన ఈ సహజత్వం నిలిచింది. పుస్తకాన్ని అచ్చులో చూసుకొనే అదృష్టం మాత్రం ఆయనకు కలగలేదు. 1836లో ఆయన మరణించగా, రెండు సంవత్సరాల తరువాత 1838లో శ్రీనివాసపిళ్ళె దీనిని ముద్రింపించాడు. మిత్రుని జీవిత విశేషాలను కూడా ఆయనే సమకూర్చాడు. వీరాస్వామయ్య బాల్యం గురించి నేడు తెలిసినదంతా చాలావరకు దాని నుండి వచ్చినదే.

1941లో బెజవాడ న్యాయవాది, చరిత్ర పరిశోధకుడు దిగవల్లి వేంకట శివరావు వివరణలతో పరిష్కరించి తిరిగి ప్రచురించాడు. 1973లో పి. సీతాపతి చేసిన ఇంగ్లీషు అనువాదం వెలువడింది.