లాంతరు పట్టుకుని లెక్కలు రాసిన నర్సమ్మ

ఈ నెల గోడ పత్రికలో గొప్పవాళ్ళ జీవిత చరిత్ర రాసే వంతు నాది. గాంధీగారు, అల్లూరి సీతారామరాజుగారు, కొమరం భీంగారు ఇంతకుముందే అయిపోయారు. మా పెద్దక్క నర్సింగు చదువుతోంది. ఈ సంవత్సరం తనకి పెద్దవాళ్ళ వార్డులో డ్యూటీ, దాన్ని మెడికల్ సర్జికల్ అంటారట. సెలవులకి వచ్చినప్పుడు తను చెప్పిన సంగతులు, లైబ్రరీలో నేను చదివినవి కలిపి ఫ్లారెన్స్ నైటింగేల్ గురించి రాస్తున్నాను.

ఈమె 1820 మే 12న ఇటలీ దేశంలో ఫ్లారెన్స్ అనే ఊళ్ళో పుట్టింది. ఆ ఊరి పేరే పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లాండు వాళ్ళు, బాగా కలిగినవాళ్ళు. తండ్రే ఇంట్లో చదువు చెప్పాడు. లెక్కలంటే ఆవిడకి ప్రాణం. (ఈ ఒక్క విషయంలో నాకూ ఆవిడకూ కుదరదు.) ఒక చిన్న గుడ్లగూబను పెంచుకుని జేబులో పెట్టుకుని తిరిగేదట. నర్సు అవుతానంటే ఇంట్లో ఒప్పుకోలేదు, ఆ కాలంలో అక్కడ ఆస్పత్రి పని మర్యాదస్తులు చేసే పని కాదు. ఏళ్ళ తరబడి పట్టుబట్టి, 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో మూడు నెలలు పని నేర్చుకుంది. 1853లో లండన్‌లో ఆడవాళ్ళ చిన్న ఆస్పత్రికి పెద్ద అయింది. అక్కడ వేడినీళ్ళు గొట్టాల్లో పై అంతస్తులకి వచ్చేట్టు, భోజనం యంత్రం మీద పైకి వచ్చేట్టు, ఎవరు గంట కొట్టారో నర్సుకి వెంటనే తెలిసేట్టు చేయించింది. మెట్లు ఎక్కి దిగే టైం మిగిలితే ఆ టైం రోగి దగ్గర ఉండొచ్చు కదా.

1854లో క్రిమియా యుద్ధం జరుగుతోంది. ఒకవైపు రష్యా, ఇంకోవైపు ఇంగ్లాండు, ఫ్రాన్సు, టర్కీ. దెబ్బలు తగిలిన ఇంగ్లీషు సిపాయిలను ఓడల్లో నల్లసముద్రం దాటించి, ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున స్కుటారి అనే చోట పాత బారక్సులో పడుకోబెట్టేవారు. ఆ ఏడు నవంబరులో నైటింగేల్ 38 మంది నర్సులతో అక్కడ దిగింది.

డాక్టర్లు వీళ్ళను దగ్గరికి రానివ్వలేదు. అప్పుడావిడ ఏం చేసిందంటే, డాక్టరు పిలిస్తే తప్ప ఎవ్వరూ రోగిని ముట్టుకోవద్దని తన నర్సులకే ఆర్డరు వేసింది. ఇది నాకు మొదట అస్సలు నచ్చలేదు. మనిషి మూలుగుతుంటే ఊరికే కూర్చోవడం ఏంటి? పెద్దక్క చెప్పింది, ఏం చెయ్యాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు చెయ్యాలో కూడా అంతే ముఖ్యం, ఆ రోజు గొడవపడి ఉంటే వెనక్కి పంపేసేవాళ్ళు అని. కొద్దిరోజులకే ఇంకెర్మన్ యుద్ధంలో గాయపడినవాళ్ళు ఓడల నిండా వచ్చారు. డాక్టర్లే పిలిచారు.

ఇక ఆగలేదు. నేల కడగడానికి బ్రష్షులు, మార్చుకోవడానికి చొక్కాలు తెప్పించింది. బట్టలు ఉడకబెట్టి ఉతికే ఏర్పాటు చేసింది. మాంసం నమలలేని రోగులకి జావ, సూపు లాంటివి వండడానికి వేరే వంటగది పెట్టింది. ఒకడి కాలు కోస్తుంటే పక్క మంచం వాడు చూసి హడలిపోతున్నాడని మధ్యలో తెర కట్టించింది. రాత్రి లాంతరు పట్టుకుని మంచం మంచం తిరిగి చూసేది. పుస్తకాల్లో ప్రమిదలాంటి దీపం వేస్తారు గాని, నిజానికి అది టర్కీ వాళ్ళ మడత లాంతరు.

ఇక్కడిదాకా మనందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే, ఇంత సేవ చేసినా జనం చచ్చిపోతూనే ఉన్నారు! 1855 ఫిబ్రవరిలో ఆస్పత్రిలో నూటికి 42 మంది పోయారు. మార్చిలో ఇంగ్లాండు నుంచి వచ్చిన కమిషన్ వాళ్ళు చూస్తే, బారక్సు కిందనే మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి, తాగేనీళ్ళు శుభ్రంగా లేవు, గదుల్లో గాలి ఆడదు. కాలువలు కడిగించి, గోడలకి సున్నం వేయించి, గాలి వచ్చేట్టు చేయించారు. జూన్‌కల్లా నూటికి రెండుకి వచ్చింది.

యుద్ధం అయ్యాక 1856లో ఇంటికి తిరిగి వచ్చింది. దేశమంతా పొగుడుతుంటే ఆవిడ మాత్రం విలియం ఫార్ అనే లెక్కల ఆయనతో కూర్చుని చావుల లెక్క తీసింది. 1855 జనవరి ఒక్క నెలలో ఆ సైన్యంలో అంటురోగాలతో 2,761 మంది పోతే, గాయాలతో పోయింది 83 మందే. తిండి సరిపోక, పాడైపోయాక తెచ్చినందువల్ల పోయారని అంతకుముందు అనుకునేది. లెక్క చూశాక మురుగు, నీరు, గాలి ముందు అని మాట మార్చుకుంది. ఆ లెక్కని 1858లో రంగుల బొమ్మగా గీసి పెద్ద పెద్ద అధికారుల ముందు పెట్టింది. తన ఆస్పత్రి పేరు పోతుందని దాచలేదు. ఆవిడ జీవితంలో నాకు అన్నిటికంటే పెద్దది ఇదే అనిపిస్తుంది, లాంతరు కాదు.

నర్సింగు గురించి ఆవిడ రాసిన పుస్తకంలో సంగతులు పెద్దక్క ఇప్పటికీ వాడుతోంది. రాత్రి బాగా నిద్ర పట్టిందా అని అడక్కూడదట. ఎన్ని గంటలకి పడుకున్నావు, ఎన్నిసార్లు లేచావు అని అడగాలట. (మన సిక్ రూంలో ఎలా ఉంది అంటే టీవీ దగ్గరికి పోవడానికి అందరం బాగుంది మేడం అంటాం కదా, అందుకే మేడం థర్మామీటరు పెట్టి చూస్తారు.) తినని పళ్ళెం మంచం పక్కన వదలకూడదు. ఎంత తిన్నాడో చూసి రాయాలి. నిద్రపోయినవాణ్ణి ఊరికే లేపకూడదు. తలుపు బయట గుసగుసలాడకూడదు, రోగి భయపడతాడు. నువ్వు లేనప్పుడు కూడా నువ్వు చేసే పని జరిగేట్టు చూసుకోవాలి. అందుకే డ్యూటీ మారేటప్పుడు ఒక్కో మంచం దగ్గర నిలబడి నాడి, జ్వరం, మూత్రం ఎంత, డాక్టరుకి ఎప్పుడు చెప్పాం అన్నీ అప్పజెబుతారట.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల స్కూలు పెట్టించింది. అప్పటికే ఆరోగ్యం పాడై చాలాభాగం మంచం మీదే పని చేసేది. మన దేశానికి ఒక్కసారి కూడా రాలేదు, కాని ఇక్కడి కాగితాలు తెప్పించుకుని, ఇంగ్లీషు సిపాయిలు ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863లో చూపించారు. తర్వాత కరువుల గురించి, పంట కాలువల గురించి కూడా రాసింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన మన కాటన్ దొరకీ ఆవిడకీ ఉత్తరాలు నడిచేవి. ఇది చదివినప్పుడు నేను ఎగిరి గంతేశాను.

1910 ఆగస్టు 13న 90 ఏళ్ళ వయసులో లండన్‌లో చనిపోయింది. పెద్దవాళ్ళను సమాధి చేసే వెస్ట్‌మినిస్టర్ ఆబేలో చోటిస్తామంటే ఇంటివాళ్ళు వద్దని, ఈస్ట్ వెల్లో అనే పల్లెలో సమాధి చేశారు. రాయి మీద ఆవిడ పూర్తి పేరు లేదు. ఎఫ్. ఎన్. అని, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి.