మైకు లేని రోజుల్లో ఫ్రంట్‌మ్యాన్

మెటల్ బ్యాండ్‌ని లైవ్‌లో చూసినవాళ్లకి ఈ విషయం తెలిసే ఉంటుంది. గిటార్ ఎంత స్పీడుగా వాయించినా సరే, ముందు నిలబడి పాడేవాడికి స్టేజ్ ప్రెజెన్స్ లేకపోతే మూడో పాటకే జనం ఫోన్లు తీస్తారు. ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెడుతూనే పాడతాడు. శ్రుతి తప్పదు, చివరి వరసలో ఉన్నవాడిని కూడా వదిలిపెట్టడు. హైటెక్ సిటీలో పగలు కోడ్ రాసి వీకెండ్ గిటార్ పట్టుకునే కుర్రాళ్ల మధ్య ఎప్పుడూ ఒకటే వాదన: ఈ ప్రెజెన్స్ పుట్టుకతో రావాలా, నేర్చుకుంటే వస్తుందా?

మీకూ ఇదే సమస్య ఉంది, పేరే వేరు. ప్లేస్‌మెంట్స్ భాషలో దాన్ని కమ్యూనికేషన్ స్కిల్స్ అంటారు. నిటారుగా కూర్చో, కళ్లలోకి చూడు, చేతులు ఇలా పెట్టు అని నేర్పడానికి ఫీజు కూడా తీసుకుంటారు.

ఈ వాదన వచ్చినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది విజయనగరం మనిషి, ఆదిభట్ల నారాయణదాసు. హరికథకీ మెటల్‌కీ ఏంటి సంబంధం అని నవ్వుకోకండి, కాస్త ఆగండి.

బొబ్బిలి దగ్గర అజ్జాడ అనే పల్లెలో 1864 ఆగస్టు 31న పుట్టారాయన. అసలు పేరు సూర్యనారాయణ. చిన్నప్పుడే భాగవత పద్యాలు గడగడా అప్పజెబితే ముచ్చటపడి ఒక పుస్తకాల షాపాయన భాగవతం ఊరికే ఇచ్చేశాడని చెబుతారు. చదువు కోసం విజయనగరం చేరారు. 1883లో అక్కడికి కుప్పుస్వామి నాయుడు అనే భాగవతార్ మద్రాసు నుంచి వచ్చి హరికథ చెప్పారు. అది చూసిన పంతొమ్మిదేళ్ల నారాయణదాసుకి తన దారేమిటో తెలిసిపోయింది. అదే ఏడాది ధ్రువ చరిత్ర తానే రాసుకుని, తానే చెప్పారు. ఆ తర్వాత అంబరీష చరిత్ర, గజేంద్ర మోక్షణం, రుక్మిణీ కల్యాణం. మాటలూ ఆయనవే, వరసలూ ఆయనవే. ఇంకొకరి పాటలతో కవర్ బ్యాండ్‌లా బతకలేదన్నమాట.

ఆ స్టేజీ ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోండి. మైకు లేదు, స్పీకర్లు లేవు, లైటింగ్ లేదు. వెనక వయొలిన్, మృదంగం. ముందు కాళ్లకి గజ్జెలు కట్టుకున్న ఒక్క మనిషి. కథ చెప్పాలి, పద్యం పాడాలి, రాగం తీయాలి, చిందెయ్యాలి, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించి మళ్లీ అసలు కథలోకి తేవాలి. ఇదంతా గంటల తరబడి. దాసుగారిది దిట్టమైన శరీరం, కంచులాంటి గొంతు. అవి పుట్టుకతో వచ్చినవే అనుకుందాం.

కానీ పుట్టుకతో రానిది ఇంకొకటి ఉంది. ఆయన్ని పంచముఖేశ్వరుడు అనేవారు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఈ ఐదింటితో ఐదు వేర్వేరు తాళాలు ఒకేసారి వేస్తూ పల్లవి పాడేవారు. మెటల్ డ్రమ్మర్లకి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. డబుల్ బాస్ పెడల్ మీద కాళ్లు ఒక లెక్కలో, చేతులు ఇంకో లెక్కలో నడవాలంటే ఏళ్లు పడుతుంది.

నమ్మకం లేకపోతే ఇప్పుడే బల్ల మీద ట్రై చేయండి. ఒకే వ్యవధిలో కుడి చేత్తో మూడు దెబ్బలు, ఎడమ చేత్తో నాలుగు, అన్నీ సమాన దూరంలో. ఆ వ్యవధిని పన్నెండు భాగాలు చేస్తేనే రెండు లెక్కలూ కుదురుతాయి (స్కూల్లో తిట్టుకుంటూ చేసిన క.సా.గు. ఇదే). ఐదు దెబ్బల కాలు కూడా కలిపితే అరవై భాగాలు చేయాలి. సరే, చేతులు కుదిరాయే అనుకోండి, ఇప్పుడు పక్కనున్నవాడితో మాట్లాడండి. వెంటనే లెక్క చెదిరిపోతుంది.

నా ఉద్దేశంలో స్టేజ్ ప్రెజెన్స్ కిటుకంతా ఇక్కడే ఉంది. లోపల లెక్కపెట్టుకుంటున్నవాడి కళ్లు శూన్యంలోకి చూస్తాయి. వాడు మనతో లేడని జనం ఇట్టే పసిగడతారు. లెక్క ఒంటికి పట్టేస్తే మనసు ఖాళీ అవుతుంది, ఎదుటివాళ్లని చూడటానికి తీరిక దొరుకుతుంది. నల్ల టీషర్టు, జుట్టు ఊపడం, కొమ్ముల్లా రెండు వేళ్లు పైకెత్తడం, అన్నీ దాని తర్వాతే. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు కూడా అంతే. ఆ కోడ్ నిజంగా మీరే రాసి, రెండుసార్లు పాడుచేసుకుని బాగుచేసుకుని ఉంటే చేతులు ఎక్కడ పెట్టాలన్న ఆలోచనే రాదు.

దాసుగారు స్టేజీ దగ్గరే ఆగిపోలేదు. దశవిధ రాగ నవతి కుసుమ మంజరి పేరుతో తొంభై రాగాలు దండ గుచ్చినట్టు ఒకే రచనలో పెట్టారు. అష్టావధానాలు చేశారు. సంస్కృతం, పారశీకం, ఇంగ్లీషు నేర్చి, ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. వాళ్లే ఆయన్ని హరికథా పితామహుడన్నారంటే ఊరికే అనలేదు.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఉద్యోగం వెతుకుతున్న మీకు అక్కడి సంగతి ఒకటి చెప్పాలి. ద్వారం వెంకటస్వామి నాయుడు అనే ఇరవయ్యారేళ్ల కుర్రాడు స్టూడెంట్‌గా చేరదామని వయొలిన్ పట్టుకుని వెళ్తే, వాయిద్యం విన్నాక అదే కాలేజీలో వయొలిన్ పంతులుగా వేసుకున్నారని అంటారు. రెజ్యుమె చూసి కాదు, చెవులతో విని. 1936లో దాసుగారు దిగిపోయాక ప్రిన్సిపాల్ అయింది ఆ ద్వారంవారే. తర్వాత్తర్వాత ఘంటసాల, పి. సుశీల చదువుకున్నదీ అక్కడే.

1945 జనవరి 2న దాసుగారు పోయారు. నా యెఱుక అని తన కథ తనే రాసుకున్నారు. కాకపోతే అది ఆయన ముప్పయ్యో ఏడు దాకానే నడిచి ఆగిపోతుంది. అంటే అందులో కనిపించే మనిషి ఇంచుమించు మీ వయసువాడే.