ఒక్కరే నాటకమంతా: ఆదిభట్ల నారాయణదాసు



యాన్యువల్ డే దగ్గరపడితే స్కూల్లో గజ్జెల చప్పుడు మొదలవుతుంది. దానితోపాటే ఆఫీసు రూముకు ఒక ప్రశ్నా వస్తుంది: డ్యాన్స్ ప్రాక్టీసు వల్ల మా పిల్లల చదువు దెబ్బతినదా? అడగవలసిన ప్రశ్నే. మన శృంగవరపుకోటకు గంట ప్రయాణంలో ఉన్న విజయనగరంలో ఒక మహానుభావుడి జీవితం దీనికి మంచి జవాబు. జనవరి 2 ఆయన వర్ధంతి. అందుకే ఈ నెల ఆయన గురించి చెప్పుకుందాం.

ఆదిభట్ల నారాయణదాసు 1864లో బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. ఇంట్లో పురాణ కాలక్షేపం ఉండేది. పలక పట్టే వయసులోనే పోతన భాగవత పద్యాలు విని కంఠస్థం చేశారని, ఆ పద్యాలు చదివి వినిపిస్తే పుస్తకాల షాపు యజమాని ముచ్చటపడి భాగవతం బహుమతిగా ఇచ్చారని చెబుతారు. ఆ తర్వాత ఇంగ్లీషు చదువు కోసం ఆయనను విజయనగరం తీసుకొచ్చారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు వస్తే కొలువు ఖాయం. ఇంటివాళ్ల ఆశ కూడా అదే.

1883లో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఆయన విజయనగరంలో కుప్పుస్వామి నాయుడు గారి హరికథ విన్నారు. తన దారి అదేనని తేల్చుకున్నారు. కొద్దికాలానికే ధ్రువ చరిత్ర సొంతంగా రాసి, సభలో చెప్పారు. అలాగని బడి మానలేదు. హరికథలు చెబుతూనే మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు.

నేటి పిల్లల్లో హరికథ చూసినవారు తక్కువ. అది ఒక్క మనిషి ఆడే సంగీత నాటకం. వేదిక మీద మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరుతలతో దాసు నిలబడతాడు. పక్కన మృదంగం, వయొలిన్ ఉంటాయి. మాట, పద్యం, పాట, నాట్యం అన్నీ ఆయనవే. సావిత్రి చరిత్ర చెప్పేటప్పుడు భర్త ప్రాణం కోసం వెంటపడే సావిత్రీ ఆయనే, వెనక్కి తిరిగి చూసే యముడూ ఆయనే. వేషం మార్చే వీలు లేదు. నడక, చూపు, గజ్జెల సవ్వడి మారితేనే పాత్ర మారినట్టు జనానికి తెలుస్తుంది. నేడు కొరియోగ్రాఫర్ పదిమందికి నేర్పే పనిని నారాయణదాసు తన ఒంటికే నేర్పుకున్నారు. రెండు చేతులు, రెండు పాదాలు, తలతో ఒకేసారి ఐదు తాళాలు చూపించగలిగేవారని ప్రసిద్ధి. ప్రతి కదలికకూ లెక్క ఉండే ఈ విద్యకు గణితంలో కావలసినంత ఏకాగ్రత కావాలి.

గజ్జె కట్టినంత మాత్రాన పుస్తకం పక్కన పెట్టలేదు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషులతోపాటు పారశీకం కూడా నేర్చుకున్నారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చారు. షేక్‌స్పియర్, కాళిదాసుల రచనల నుంచి తొమ్మిది రసాలకు తగిన ఘట్టాలు ఎంచి, నవరస తరంగిణి రాశారు. ఇంటివాళ్లు కొలువు కోసం చదివించిన ఇంగ్లీషు ఇలా ఉపయోగపడింది. అంబరీష చరిత్రము, గజేంద్ర మోక్షణము, రుక్మిణీ కల్యాణము, యథార్థ రామాయణము వంటి హరికథలు రాసి, తానే పాడి ఆడి, హరికథా పితామహుడయ్యారు.

1919లో విజయరామ గజపతి మహారాజు విజయనగరంలో సంగీత కళాశాల నెలకొల్పి, నారాయణదాసును తొలి ప్రిన్సిపాల్‌గా నియమించారు. సంస్థానంలో పనిచేసే ఒకాయన చూపులేని తన కొడుక్కి సంగీతం చెప్పించాలని కోరడమే ఆ కళాశాల పుట్టుకకు కారణమంటారు. అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ విని, నేర్చుకోవడం కాదు, నేర్పాలంటూ అధ్యాపకుడిగా తీసుకున్నారని కూడా చెబుతారు. సర్టిఫికెట్ అడగకుండా విద్యను చూసిన గురువు ఆయన. 1936లో ఆయన తర్వాత ఆ ద్వారం వారే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, పి. సుశీల చదివింది కూడా ఆ కళాశాలలోనే.

1945 జనవరి 2న, ఎనభై ఏళ్ల వయసులో నారాయణదాసు కన్నుమూశారు. ఆయన నాట్యం ఎలా ఉండేదో మనం చూడలేం. హరికథల పుస్తకాలు మిగిలాయి గానీ ఆ అడుగులు పుస్తకంలోకి ఎక్కవు. అవి గురువు కాళ్ల నుంచి శిష్యుడి కాళ్లకు రావలసిందే. నేర్చుకునే పిల్లలు లేకపోతే అక్కడితో ఆగిపోతాయి.

పిల్లలందరూ నారాయణదాసులు కాలేరు, కానక్కర్లేదు. అయితే పద్యం, పాట, అడుగు, ఇంగ్లీషు ఒకే బుర్రలో కలిసి ఉండగలవని ఆయన చూపించారు. ఈ సంక్రాంతి సెలవుల్లో వీలైతే మీ పిల్లలను విజయనగరం తీసుకెళ్లి, ఆ సంగీత కళాశాలను చూపించండి. మన చుట్టుపక్కల గుడిలో హరికథ జరుగుతుంటే పక్కన కూర్చోబెట్టుకుని ఒక గంట వినిపించండి. ఇంటికొచ్చాక ఆ కథను వాళ్లనే చెప్పమనండి. మధ్యలో లేచి రెండు అడుగులు వేస్తే మాత్రం ఆపకండి.