పరుగు మానిన ఆదివారం, ఈల పట్టిన ఆదివారం

ఆటల్లో సంపాదించుకున్న పేరును ప్రభువు పాదాల దగ్గర పెట్టినవారు సంఘ చరిత్రలో కొందరున్నారు. వారిలో ఎరిక్ లిడెల్ ఒకరు. ఆదివారం పరుగెత్తనని ఒలింపిక్ పందెం వదులుకున్న క్రీడాకారుడిగా ఆయన పేరు మన సంఘాల్లో చాలామందికి తెలుసు. 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ సినిమా ఆ కథను లోకమంతటికీ చేర్చింది. అయితే ఆయన ఒలింపిక్స్‌కు వెళ్లకముందే స్కాట్లాండ్ జట్టులో రగ్బీ ఆడారని కొందరికే తెలుసు. తన చివరి సంవత్సరాల్లో ఆదివారం నాడే మైదానంలో నిలబడి పిల్లల చేత ఆట ఆడించారన్నది ఇంకా తక్కువమందికి తెలుసు. ఈ రెండు ఆదివారాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆయన విశ్వాసం మనకు సరిగా అర్థమవుతుంది.

ఎరిక్ 1902 జనవరి 16న చైనాలోని తియెన్‌త్సిన్ నగరంలో పుట్టారు. తల్లిదండ్రులు జేమ్స్, మేరీ స్కాట్లాండ్ నుంచి వెళ్లిన మిషనరీలు. వారిని పంపింది లండన్ మిషనరీ సొసైటీ. 1805లో మన విశాఖపట్నంలో పరిచర్య ఆరంభించి, ఆ తర్వాత కడప, గుత్తి ప్రాంతాల్లో సువార్త ప్రకటించింది కూడా ఈ సొసైటీయే. ఆరేళ్ల వయసులో ఎరిక్‌నూ, అన్న రాబర్ట్‌నూ లండన్‌లో మిషనరీల పిల్లల బడిలో చేర్చి తల్లిదండ్రులు తిరిగి చైనా వెళ్లారు. అమ్మానాన్నలకు దూరంగా, బడి హాస్టల్లోనే ఆయన బాల్యమంతా గడిచింది. ఆ బడి మైదానమే ఆయనకు రగ్బీ నేర్పింది. పెద్దయ్యాక బడి జట్టుకు కెప్టెన్ కూడా అయ్యారు.

రగ్బీ మన ఊళ్లలో ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకొని ఎదుటి జట్టు గీత దాటి నేలకు తాకించాలి. బంతిని చేత్తో వెనక్కే విసరాలి గాని ముందుకు విసరకూడదు. బంతి పట్టుకున్నవాడిని ఎదుటివారు కబడ్డీలో లాగా పట్టి పడగొట్టవచ్చు. మైదానం అంచున ఆడేవాడికి కాళ్లలో వేగం ఉండాలి. ఎరిక్‌ది ఆ స్థానమే. 1920లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్స్ చదువుకు చేరిన రెండేళ్లలోనే స్కాట్లాండ్ జట్టులోకి వచ్చారు. 1922 జనవరిలో పారిస్ దగ్గరి కొలంబ్ మైదానంలో ఫ్రాన్స్‌తో తొలి మ్యాచ్ ఆడారు. 1922, 1923 సంవత్సరాల్లో మొత్తం ఏడు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడారు. 1923 ఫిబ్రవరిలో కార్డిఫ్‌లో వేల్స్‌ను 11-8తో ఓడించిన జట్టులో ఆయన ఉన్నారు. ఆ ఊళ్లో స్కాట్లాండ్ గెలిచి అప్పటికి 33 ఏళ్లయింది.

ఆయన దేశం తరఫున ఆడిన చివరి మ్యాచ్ 1923 మార్చిలో ఇంగ్లాండ్‌తో జరిగింది. ఆ పోటీలో ఇచ్చే కప్పు పేరు కలకత్తా కప్పు. కలకత్తాలోని ఒక రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు మిగిలిన వెండి రూపాయలను కరిగించి చేయించిన కప్పు అది. ఆ ఏడు ఇంగ్లాండ్ గెలిచింది. ఆ కాలంలో ఈ రగ్బీకి జీతం లేదు, బహుమతి సొమ్ము లేదు. ఆటగాడికి దక్కేది పేరు ఒక్కటే. ఆ పేరే త్వరలో సువార్తకు పనికొచ్చింది.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో డి.పి. థామ్సన్ అనే యువ సువార్తికుడు ఎరిక్ దగ్గరికి వచ్చారు. ఆర్మడేల్ అనే బొగ్గుగనుల ఊళ్లో కూటాలు పెడితే మగవాళ్లు రావడం లేదు. దేశానికి ఆడిన రగ్బీ వీరుడు వస్తే వారూ వస్తారని ఆయన ఆలోచన. ఎరిక్ బిడియస్తుడు. అంతవరకు జనం ముందు నోరు విప్పి సాక్ష్యం చెప్పినవారు కారు. అయినా ఒప్పుకున్నారు. మరునాడు ఉదయమే చైనా నుంచి చెల్లెలు జెన్నీ రాసిన ఉత్తరం చేతికందింది. అందులో యెషయా గ్రంథం 41వ అధ్యాయం 10వ వచనాన్ని ఆమె గుర్తుచేసింది. దేవుడు తోడున్నాడు, భయపడనక్కర్లేదని ధైర్యం చెప్పే వాగ్దానమది. వారాల క్రితమే అది చైనాలో బయలుదేరిందంటే, ఎరిక్ ఒప్పుకోకముందే దేవుడు ఆయనకు కావలసిన మాటను దారిలో పెట్టాడన్నమాట. ఆ సాయంత్రం గని కార్మికుల ముందు ఆయన తన విశ్వాసం గురించి ఆర్భాటం లేకుండా చెప్పారు.

ఆపైన రగ్బీ వదిలి పరుగు మీదే మనసు పెట్టారు. 1923 జూలైలో 100 గజాల పందెం 9.7 సెకన్లలో ముగించి బ్రిటన్ రికార్డు నెలకొల్పారు. 35 ఏళ్లపాటు దాన్ని ఎవరూ దాటలేదు. అదే నెలలో స్టోక్ నగరంలో 440 గజాల పందెం మొదట్లోనే తోటి పరుగువాడు తగిలి కింద పడ్డారు. లేచి, దాదాపు 20 గజాలు వెనకబడి ఉండి కూడా గెలిచారు. ఇలాంటివాడు ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం తెస్తాడని దేశమంతా నమ్మింది.

పారిస్ ఒలింపిక్స్ 1924లో జరిగాయి. 100 మీటర్ల తొలి పరుగులు ఆదివారం నాడు పడ్డాయి. సినిమాలో చూపినట్టు ఆయనకు ఆ సంగతి ఓడ ఎక్కుతుంటే తెలియలేదు. నెలల ముందే తెలిసింది, నెలల ముందే కాదన్నారు. ఆదివారం ఉన్న రిలే పందేలూ వద్దన్నారు. దేశద్రోహి అన్నంతగా విమర్శలు వచ్చాయి. ఆయన జవాబివ్వలేదు. తనకు అంతగా అలవాటు లేని 400 మీటర్లకు సాధన చేశారు. జూలై 9న 200 మీటర్లలో కాంస్యం, 11న 400 మీటర్లలో 47.6 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచారు. రెండేళ్ల క్రితం తొలి రగ్బీ మ్యాచ్ ఆడిన కొలంబ్‌లోనే ఈ విజయం దక్కింది.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఆలోచించాలి. ఆదివారం పాటించాడు కాబట్టి దేవుడు స్వర్ణం ఇచ్చాడని ప్రసంగాల్లో తేలికగా చెప్పేస్తుంటాం. అది కూలి లెక్క అవుతుంది గాని కృప కాదు. 400 మీటర్లలో ఎరిక్ చివరివాడిగా వచ్చినా ఆయన తీర్మానం సరైనదే అయ్యేది. పతకం పోయినా ప్రభువు చాలు అనుకున్న రోజే ఆయన గెలిచారు.

ఆ మరుసటి ఏడాది, 1925లో, కీర్తి శిఖరం మీద ఉండగానే చైనా వెళ్లిపోయారు. తియెన్‌త్సిన్‌లోని ఆంగ్లో-చైనీస్ కాలేజీలో సైన్స్ చెబుతూ, ఆటలు నేర్పుతూ, బైబిలు బోధించారు. 1932లో అభిషేకం పొందారు. 1934లో కెనడా మిషనరీల కుమార్తె ఫ్లోరెన్స్‌ను పెళ్లాడారు. 1937లో పట్నం వదిలి, అన్న రాబర్ట్ వైద్యుడిగా ఉన్న సియావోచాంగ్ పల్లెకు వెళ్లారు. జపాన్ సేనల దాడితో నలిగిన ప్రాంతమది. సైకిలు మీద ఊరూరా తిరిగి పరిచర్య చేశారు. 1941లో ప్రమాదం ముదరడంతో గర్భవతిగా ఉన్న భార్యనూ ఇద్దరు కూతుళ్లనూ కెనడా పంపించారు. అక్కడ పుట్టిన మూడో కూతురి ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు.

1943లో జపాన్ సైన్యం ఆయనను వైషియన్ నిర్బంధ శిబిరానికి తరలించింది. గోడల మధ్య పదిహేను వందల మందికి పైగా జనం. వారిలో మిషనరీల బడి పిల్లలున్నారు, చాలామంది అమ్మానాన్నలకు దూరమైనవారే. ఆరేళ్లకే ఆ దూరం అనుభవించిన ఎరిక్‌కు వారి మనసు వేరే చెప్పనక్కర్లేదు. పిల్లలకు ఆయన ఎరిక్ అంకుల్ అయ్యారు. పాఠాలు చెప్పారు, ఆటలు ఆడించారు, విరిగిన హాకీ కర్రలు బాగుచేశారు.

ఆదివారం మాత్రం ఆటలు వద్దన్నారు. చేయడానికి ఏమీ తోచని కుర్రాళ్లు వినలేదు. పెద్దలెవరూ లేకుండా హాకీ మొదలుపెట్టారు. అది కొట్లాటతో ముగిసింది. ఎరిక్ ఆలోచించారు. ఆ తర్వాత ఆదివారం మైదానానికి ఆయనే వచ్చి, రిఫరీగా నిలబడి ఆట ఆడించారు.

ఒలింపిక్ స్వర్ణం కోసం కదలని మనిషి కొట్టుకుంటున్న పిల్లల కోసం కదిలారు. ఇది రాజీ అని కొందరికి అనిపించవచ్చు. మేము అలా అనుకోవడం లేదు. పారిస్‌లో ఆయన వదులుకున్నది తన లాభం. వైషియన్‌లో వదులుకున్నది తన నియమం, అదీ ఇతరుల మేలు కోసం. మన ప్రభువు విశ్రాంతి దినాన్ని గౌరవించి సమాజమందిరానికి వెళ్లాడు, అదే దినాన ఊచచెయ్యి గలవాడిని బాగుచేశాడు. మార్కు సువార్త 3వ అధ్యాయంలో ఆయన కోపగించుకున్నది నియమం పట్టుకొని మనిషిని వదిలేసినవారి మీదే.

శత్రువుల కోసం ప్రార్థించాలని ఎరిక్ శిబిరంలోని పిల్లలకు నేర్పారు. తన పాత పరుగు బూట్లను చలిలో చెప్పులు లేని ఒక కుర్రవాడికి ఇచ్చారు. తనను బంధించిన జపాన్ దేశానికే ఆ కుర్రవాడు తర్వాత మిషనరీగా వెళ్లి, దశాబ్దాలు సేవచేశాడు. ఎరిక్ మాత్రం 1945 ఫిబ్రవరి 21న, 43 ఏళ్ల వయసులో, మెదడులో కణితితో ఆ శిబిరంలోనే ప్రభువు నందు నిద్రించారు. ఆరు నెలలకు, ఆగస్టు 17న శిబిరానికి విడుదల వచ్చింది.

పోటీ పరీక్ష ఆదివారం పడింది, ఏం చేయాలి అయ్యగారూ అని యౌవనస్తులు మమ్మల్ని అడుగుతుంటారు. అందరికీ ఒకే జవాబు మా దగ్గర లేదు. ఎరిక్ జీవితాన్ని చూసి రెండు ప్రశ్నలు మాత్రం వారి ముందుంచుతాం. ఈ రోజును నేను పక్కన పెడుతున్నది నా స్వార్థం కోసమా, పొరుగువాడి మేలు కోసమా? ఈ రోజును నేను పట్టుకుంటున్నది ప్రభువు మీద ప్రేమతోనా, ఇతరులను తీర్పుతీర్చడానికా? ఈ రెండింటికీ ప్రార్థనలో నిజాయితీగా జవాబు వెదికినవారికి ఏ ఆదివారం ఏం చేయాలో ప్రభువే చూపిస్తాడు. ఆమేన్.